నడివయసు తల్లుల నిద్ర, మరపు



నలభై దాటిన తల్లికి రాత్రి నిద్ర కరువై, పగలు మరపు వస్తుంటే తేలికచేయరాదు. ముట్లుడిగే ముందు కొన్నేండ్లు ఈస్ట్రోజన్ అనే హార్మోను హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వేడి ఆవిర్లు, చెమటలు నిద్రను చెరుస్తాయి. నిద్ర చెడగా ఏకాగ్రత సడలుతుంది.

గర్భసంచి తొలగించడం దీనికి చికిత్స కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలనూ తీసివేస్తే బాధ ఒక్కసారిగా ముదురుతుంది.

ముందుగా రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. పడక వేళలను, నిద్రను గూర్చిన దిగులును సరిదిద్దే శిక్షణ నిద్రలేమికి మొదట ఎన్నదగిన చికిత్స. ఆవిర్లు తీవ్రమైతే హార్మోను చికిత్స మేలుచేస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి సాధారణంగా అది తగదు, వారికి వేరే మందులున్నాయి.

మన పెండ్లిమర్రి పల్లెలలో తల్లులు నోరువిప్పి చెప్పుకోని ఈ బాధను చదువుకున్న బిడ్డలే గుర్తించి, వైద్యుని వద్దకు తోడు వెళ్లాలి.