పిలిచినవాడికీ వచ్చినవాడికీ మధ్య



బంగారు తల్లీ, నువ్వు పంపిన ‘ఓపెన్ బోర్డర్స్’ పుస్తకం, అదే, బ్రయాన్ కాప్లాన్ రాస్తే జాక్ వీనర్‌స్మిత్ బొమ్మలు వేసింది, కళ్ళు లాగుతున్నా పూర్తి చేశాను. ఇంత పెద్ద సంగతిని నా మనవరాలు పరిశోధనకి ఎత్తుకుందే అని గర్వంగా ఉంది, నీ అమెరికా వీసా సంగతే ఇంకా తేలకుండా నలుగురిలో ఇవన్నీ మాట్లాడుతున్నావే అని బెంగగానూ ఉంది. బెంగ సంగతి వదిలెయ్, అది నాతోనే ఉంటుంది.

వలసల మీద స్వేచ్ఛావాదుల వాదనలో నాకు నచ్చింది దాని సూటిదనం. పనికి పిలిచేవాడున్నాడు, వచ్చేవాడున్నాడు, ఇద్దరికీ ఇష్టమే. అడ్డం నిలబడ్డ ప్రభుత్వమే కారణం చెప్పుకోవాలంటారు. మైకేల్ హ్యూమర్ 2010 వ్యాసంలో, ఆకలిగా ఉన్నవాడు తిండి కొనుక్కోవడానికి సంతకు పోతుంటే ఒకడు దారికాచి బలవంతంగా ఆపేస్తాడు చూడు. అన్నం పెట్టకపోవడం వేరు, కొనుక్కోనివ్వకపోవడం వేరు అంటాడాయన. అది చదవగానే నాకు మన ఊరి మిరపకోతలు గుర్తొచ్చాయి. నువ్వు పుట్టకముందు మాట, సంక్రాంతి దాటితే చాలు, కర్నూలు పడమటి పల్లెలనుంచి, ఆదోని, కోసిగి వైపునుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె, సత్తుగిన్నెలు, చంకన పిల్లలతో మన గుంటూరు జిల్లాలో దిగేవి. రైతు మేస్త్రికి కబురు పెట్టేవాడు, మేస్త్రి మనుషుల్ని తెచ్చేవాడు, ఊరి చివర పాకల్లో ఉండి కాయ కోసి, కూలి లెక్క చూసుకుని వెళ్ళేవాళ్ళు. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అని రాజ్యాంగం పందొమ్మిదో అధికరణం ఇచ్చిన హక్కు అది, నేను ఏటా పిల్లలకి చెప్పిన పాఠమే. మన ఊరి కూలి ఆడవాళ్ళు మాత్రం, వీళ్ళొచ్చి మా కూలి పెరగనివ్వడం లేదని సణిగేవాళ్ళు, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయినా ఎండ ముదిరే వేళకి వచ్చినవాళ్ళతో కలిసి కూర్చుని మజ్జిగ పోసిందీ ఆ ఆడవాళ్ళే. కోతకొచ్చినవాళ్ళ పిల్లలు మిరప ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళతో బడి కిటికీ దగ్గర నిలబడితే, టీసీ ఏదని అడక్కుండా కూర్చోబెట్టేవాణ్ణి. పలకలు మీ నాయనమ్మ కొనేది.

సరిగ్గా ఆ బడి ఖర్చు దగ్గరే మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఆగాడు కదూ? పని కోసం స్వేచ్ఛగా రావడం మంచిదే, కానీ సంక్షేమ పథకాలున్న దేశంలో అందరికీ తలుపు తీస్తే నిలబడదన్నాడు. పెద్దమనిషి భయం, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకు. నీ పత్రంలో, గోడ దేశం చుట్టూ కాదు, సంక్షేమం చుట్టూ కట్టమని కేటో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చెప్పే జవాబు రాయి, చట్టబద్ధంగా వచ్చినవాళ్ళలో కూడా చాలామందికి మొదటి ఐదేళ్ళు ముఖ్యమైన ఫెడరల్ సాయాలు అందకుండా చేసిన అమెరికా 1996 చట్టం సంగతీ దాని పక్కనే రాయి. హాన్స్ హెర్మన్ హాపే వాదన మాత్రం నా మనసుకి ఎక్కలేదు. భూమంతా సొంతదారులదే అయితే యజమాని పిలవందే ఎవరూ అడుగుపెట్టలేరంటాడు. నిజమే, మరి యజమాని పిలిచాక కూడా ఆపుతున్న ప్రభుత్వాన్ని ఏమంటాడు?

ఇప్పుడు అసలు సంగతి. దసరా వేడుకలో ఎవరో పెద్దాయన, మనం వరసలో నిలబడి వచ్చాం, మెక్సికోవాళ్ళు గోడ దూకి వచ్చారు అంటే నీకు జవాబు తోచలేదన్నావు. ఆయన్ని నొప్పించకుండా ఇది చెప్పు. అమెరికా 1924 చట్టం ఆసియావాళ్ళకి తలుపు మూసేసింది, మెక్సికోకి మాత్రం కోటా పెట్టలేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అంతటి శాస్త్రవేత్త అయ్యుండీ బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేసి చదువుకున్న కాలం అది. 1946లో మనవాళ్ళకి ఏడాదికి 100 మంది అన్నారు. అటు మెక్సికో కూలీలు 1942 నుంచి 1964 దాకా బ్రసెరో ఒప్పందం కింద కాగితాలతోనే పొలాలకి వచ్చిపోయారు. ఆ ఒప్పందం ఆగిపోయింది. మరుసటేడు, 1965లో, మనకి తలుపు తీసిన చట్టమే, వాళ్ళుండే పశ్చిమార్ధగోళం మొత్తానికి మొదటిసారి ఏడాదికి 1,20,000 అని హద్దు గీసింది. పొలాలు అక్కడే ఉన్నాయి, కోతలు ఆగలేదు, రైతులు పిలవడమూ మానలేదు, కాగితమే లేకుండా పోయింది. మన వరసా, వాళ్ళ గోడా ఒకే చట్టంలోంచి వచ్చాయి తల్లీ. చదువుకున్నవాళ్ళకి ఒక న్యాయం, కాయ కోసేవాళ్ళకి ఒక న్యాయం అని నా మనవరాలి నోట రాకూడదు.

నీ సంగతికొస్తే, కోటాలు తీసేసి రుసుము పెట్టండి, కట్టగలిగినవాళ్ళు వస్తారు అని గ్యారీ బెకర్ అన్నాడు, ఉదాహరణకి 50,000 డాలర్లు అన్నాడు. 2025 సెప్టెంబరులో బయటినుంచి పిలిపించుకునే కొత్త హెచ్-1బి వాళ్ళ మీద లక్ష డాలర్లు పెట్టారు, ఏటా 85,000 మంది అన్న హద్దు మాత్రం అలాగే ఉంచారు. రుసుమూ ఉంది, కోటా కూడా ఉంది. గ్రీన్‌కార్డులో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న లెక్క గురించి నీకు నేను చెప్పేదేముంది, మీ బాబాయి ఇంకా దానికోసమే చూస్తున్నాడు.

పత్రంలో హెచ్-1బి అధ్యాయం ముందు పెట్టానన్నావు, పొలం కూలీల అధ్యాయాన్ని దానికి ముందు పెట్టి ఒకసారి చదివి చూడు. మీ విభాగం ఊడ్చే గ్వాటెమాలా ఆవిడని రాత్రిపూట నీ కారులో ఇంటిదగ్గర దింపి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మంచు పడుతోందట, కారు నెమ్మదిగా నడుపు. చిత్తుప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి చేసి పంపు.

మీ తాతయ్య