తగువు తేల్చేది సంతకమే

రేపల్లె వైపు ఇళ్లు కట్టిన ఏ మేస్త్రీని అడిగినా మొదట నీళ్ల సంగతే చెబుతాడు. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపితే కొన్నేళ్లకు లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, శ్లాబు కింద పెచ్చులూడతాయి. ఇక తగువే. ‘నాసిరకం పని’ అంటాడు ఇంటాయన. ‘ఆ నీళ్లు వాడమన్నది మీరే కదండీ’ అంటాడు కాంట్రాక్టరు. ‘నేను ప్లాను ఇచ్చానంతే, నీళ్ల పరీక్ష గురించి నన్నెవరడిగారు?’ అంటాడు ఇంజినీరు.

ఆర్‌సీసీలో కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఐఎస్ 456 నిబంధన. నీళ్ల పరీక్ష చేయించారా? ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉంది? ముగ్గురిలో ఎవరి మాట నిలుస్తుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ కాగితాలు రాసి, దాచి, అవసరమైనప్పుడు చదివి చెప్పగలిగినవాళ్లకు జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి: కాంట్రాక్ట్స్ ఇంజినీర్, క్వాంటిటీ సర్వేయర్, క్లెయిమ్స్ మేనేజర్. తెనాలి, బాపట్లలో సివిల్ చదివే పిల్లలు సైట్ ఇంజినీరు, లేదంటే గ్రూప్స్ అనుకుంటారే తప్ప ఇటు చూడరు.

పెద్ద పనుల్లోనూ ఇదే గొడవ. 2023 అక్టోబరు 21న తెలంగాణలోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. యజమాని ప్రభుత్వం, కట్టింది ఎల్అండ్‌టీ. మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే దగ్గరికొచ్చేసరికి, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ ఎప్పుడిచ్చారు, లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ గడువు తీరిందా లేదా అన్నదే పెద్ద వాదమైంది. అంత పెద్ద బ్యారేజీ, చివరికి ఒక తేదీ దగ్గర ఆగింది!

ఈ కాగితాల ఉద్యోగాలకు దారి? డిగ్రీ చేతికి రాగానే లా కాలేజీకి పరుగెత్తకండి. రెండు మూడేళ్లు సైట్‌లో ఉండండి. ఎం.బుక్‌లో కొలతలు మీ చేత్తో ఎక్కించండి. యజమాని నోటిమాటగా చెప్పిన ఎక్స్‌ట్రా ఐటెంకు రాతపూర్వకంగా ఆర్డరు అడగండి; కాంట్రాక్టరు విసుక్కున్నా సరే. సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారో తెలియని లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతాడు. తర్వాత ఏపీ లాసెట్ రాస్తే మూడేళ్ల ఎల్ఎల్‌బీ. కాకపోతే అది రెగ్యులర్ కోర్సు, హాజరు తప్పదు, ఉద్యోగం చేస్తూ చదవడం కష్టం. ఈలోగా 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో నష్టపరిహారం గురించి చెప్పే 73, 74 సెక్షన్లు, 1996 ఆర్బిట్రేషన్ చట్టం చదివి పెట్టుకోండి. రెరా చట్టం 14(3) కూడా: ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉంటే ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టులు తెలిసుండాలి.

మీ వీధిలో బిల్లు రాని కాంట్రాక్టరు ఒకరైనా ఉంటారు. చెల్లింపుకు గడువేదీ రాసుకోకపోతే, చేసిన పనికి డబ్బు కోసం దావా వేయడానికి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే సమయం. ఈ ఆదివారం ఆయన ఫైలు అడిగి, ఆ తేదీ ఎక్కడుందో వెతకండి.