నిప్పురవ్వ జాడ

హైదరాబాదు నుండి బీజాపూర్ వైపు సాగే రహదారిలో మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతం మర్రిచెట్లకు పేరొందినది. వానాకాలంలో ఒక ఉదయం ఆ దారిలో పాత పెట్రోలు అంబాసిడర్ కారు ఆగిపోయిందని ఊహించండి. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతున్నది. కాని అంటుకోవడం లేదు. ట్యాంకులో పెట్రోలున్నది, బ్యాటరీ బాగున్నది. కారును అద్దెకు నడిపి బ్రతికేవానికి అది ఒక దినపు సంపాదన.

ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని మండించేది ప్లగ్గు కొనన పుట్టే నిప్పురవ్వ. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు; రవ్వకు కావలసినవి వేల వోల్టులు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు విడివడిన క్షణంలో ఇగ్నిషన్ కాయిల్ ఆ శక్తిని పుట్టిస్తుంది. రోటర్ దానిని 4 ప్లగ్గులకు 1-3-4-2 వరుసలో అందిస్తుంది.

నేర్పులేనివాడు ముందు ప్లగ్గులు, తరువాత కాయిల్ మారుస్తాడు. డబ్బు ఖర్చవుతుంది, కారణం తెలియదు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినందున, మంచి భాగాన్ని పారవేయడం మరింత నష్టం.

నేర్పరి మార్గాన్ని రెండుగా విభజిస్తాడు. కాయిల్ నుండి వచ్చే లావు తీగను డిస్ట్రిబ్యూటర్ మూత నుండి ఊడదీసి, రబ్బరు పిడిగల పట్టకారుతో పట్టుకొని, దాని కొనను ఇంజను లోహానికి సుమారు 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టిస్తాడు. పెట్రోలు కారుతున్నచోట ఈ పరీక్ష చేయరాదు. రవ్వ దూకితే కాయిల్, పాయింట్లు నిర్దోషులు. లోపం మూతలోనో, రోటర్‌లోనో, ప్లగ్గులలోనో, వాటి తీగలలోనో ఉన్నది. వానాకాలంలో మూత లోపలి చెమ్మను పొడిగుడ్డతో తుడిస్తేనే బండి కదలవచ్చు. రవ్వ దూకకుంటే, కాయిల్‌కు కరెంటు అందుతున్నదో లేదో చిన్న బల్బుతో చూస్తాడు. అందుతుంటే పాయింట్ల మసి గీకి, వాటి సందును సుమారు 0.4 మి.మీ.కు సరిచేస్తాడు. అవి మాటిమాటికి కాలుతుంటే కండెన్సర్‌ను అనుమానిస్తాడు.

పొగను చూసి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. ఏది ఉంటే ఫలితం కలుగుతుందో, ఏది లేకుంటే కలుగదో పరిశీలించి కారణాన్ని నిర్ణయించడాన్ని అన్వయవ్యతిరేకాలంటారు. ఆ మాట విననివాడైనా, చెట్టుకింద బానెట్ ఎత్తి నిలిచిన మెకానిక్ చేసేది అదే. మార్చేముందు పరీక్షించడం విద్యావంతుని లక్షణం; ఆ విద్య గ్రంథాలలోనే కాదు, నూనె అంటిన చేతులలోనూ ఉన్నది.

ప్రశ్నలు
1. కాయిల్ తీగ పరీక్షలో రవ్వ దూకితే ఏ భాగాలు నిర్దోషులని తేలుతుంది? ఎందుకు?
2. మెకానిక్ పద్ధతికీ అన్వయవ్యతిరేకాలకూ గల పోలికను వివరించండి.