పాముకి కాళ్లెందుకు లేవు?

జన్యువుల పాఠం మనమంతా చదివాం. ఈగకీ, ఎలకకీ, మనిషికీ శరీరాన్ని కట్టే ముఖ్యమైన జన్యువులు చాలావరకు ఒకేలాంటివట. మరి ఆకారాల్లో ఇంత తేడా ఏటి? నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

మన హాస్టల్లో అన్ని గదుల్లోనూ బల్బులు ఒకటే రకం. ఏ గదిలో ఎప్పుడు వెలగాలన్నది స్విచ్చి చేతిలో ఉంది. జన్యువులకి కూడా డి.ఎన్.ఎ.లోనే అలాంటి స్విచ్చిలున్నాయి. పిండం పెరిగేటప్పుడు ఒకే జన్యువు ఒకచోట పనిచేస్తుంది, ఇంకోచోట ఆగిపోతుంది.

1. ఈగ: మెస్సులో వాలే ఈగను చూడండి. రెక్కలు రెండే. తేనెటీగకి నాలుగు. ఈగకి వెనక రెక్కల చోట చిన్న బొడిపెలుంటాయి. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసేవి అవే. అక్కడ రెక్క రానివ్వనిది అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు. దాని స్విచ్చిలు చెడిన పండ్ల ఈగకి నాలుగు రెక్కలొస్తాయని అమెరికాలో ఎడ్వర్డ్ లూయిస్ 1978లో రాశాడు. 1995లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకడు. ఆ జన్యువు తేనెటీగకీ ఉంది! అది వేటిని పనిచేయిస్తుంది, వేటిని ఆపుతుంది అన్నదే తేడా. హైదరాబాదు సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర గారి బృందం ఏళ్ల తరబడి ఈ జన్యువు మీదే పనిచేసింది.

2. కొండచిలువ: మన కొండల్లో దీన్ని చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. తోక మొదట్లో రెండు చిన్న గోళ్లుంటాయి. అవి వెనక కాళ్ల గుర్తులు. కాళ్లు పెరగడానికి కావలసిన సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు పాములోనూ ఉంది. మెదడుకీ వెన్నుపాముకీ అదే కావాలి కాబట్టి అది పోతే పామే లేదు. చెడింది కాళ్ల స్విచ్చి. పాము స్విచ్చిని చిట్టెలుకలో పెడితే దాని పిల్లలకి కాళ్లు మొండిగా మిగిలాయని 2016లో తేలింది.

3. మనిషి: అదే స్విచ్చి మనలోనూ, ఆ జన్యువుకి సుమారు 10 లక్షల అక్షరాల దూరంలో ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా బొటనవేలి పక్కన ఇంకో వేలు రావచ్చని 2003లో కనుక్కున్నారు.

మన హాస్టల్లో ఒక తమ్ముడికి అలాంటి వేలుంది. "ఆరువేళ్లోడా" అని కొందరు ఏడిపిస్తే వాడు పంక్తిలో కూర్చోడం మానేశాడు. గ్రహణం పట్టిందనీ, వాళ్లమ్మ తప్పనీ అనకండి. గ్రహణానికీ వేలికీ సంబంధం లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రేపట్నించి వాడిని పిలిచి మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆలోచించండి: జెర్రికి అన్ని కాళ్లుంటే ఈగకి ఆరే ఎందుకు? జవాబు తెలిసినవాళ్లు వచ్చే సంచికకి రాయండి.

– 10వ తరగతి విద్యార్థి