హోటల్ రోడ్డుకు ఏ పక్కన?

దిల్‌సుఖ్‌నగర్

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కార్తీకంలో మీరు ఆరుగురూ నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో పోతున్నారనీ, దానికి ముందు రెండు రాత్రులు హైదరాబాద్‌లో ఉంటారనీ, హైటెక్ సిటీలో ఏదో హోటల్ చూసిపెట్టావనీ చెప్పింది. లాంచీ మాట విని ఎంత సంబరమైందో, హోటల్ మాట విని అంత గాబరా పట్టుకుంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూనే ఆఫీసు మీటింగులోకి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. అల్లుడికి కూడా చదివి వినిపించు.

మా ఇంట్లోనే దిగమని పట్టుబట్టను. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మీ మామయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. ఆయన చేత అన్ని మెట్లు ఎక్కించడం నాకు ఇష్టం లేదు. పిల్లలు మాత్రం మొదటి రాత్రి నా పక్కన పడుకోవాలి. అందులో బేరం లేదు.

మీ రైలు తెల్లవారేసరికి కాచిగూడలో దింపుతుంది. కాచిగూడ నుంచి మా వైపు రావడానికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. హైటెక్ సిటీకి పోవాలంటే ఊరంతా ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. పోనీ, ఆ ఒక్కసారికి దాటారనుకుందాం. లాంచీ ఎక్కే రోజు సంగతేమిటి? సాగర్ రోడ్డు మొదలయ్యేదే ఎల్బీనగర్ దగ్గర. చౌరస్తా నుంచి సాగర్ రింగు రోడ్డు, ఆ తర్వాత బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పోవాలి. దాదాపు 150 కిలోమీటర్లు. దారిలో పెద్దవాళ్ళ కోసం ఒకటి రెండుసార్లు ఆపుకుంటారు కదా, మూడున్నర గంటలు వేసుకో. లాంచీ ఉదయం పూటే కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు. ఎల్బీనగర్‌లో ఉంటే పిల్లల్ని నాలుగింటికి లేపితే సరిపోతుంది. అవతలి కొసన ఉంటే మూడింటికే లేపాలి. నిద్ర చాలని పిల్లలు లాంచీలో ఏం చూస్తారు? నల్లమల కొండలు రెండు పక్కలా నడుస్తుంటే వాళ్ళు నీ ఒళ్ళో పడుకుని ఉంటారు.

కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడైనా చూడు. చూసేటప్పుడు అన్నిటికన్నా ముందు ఒక్క మాట అడుగు: హోటల్ రోడ్డుకు ఏ పక్కన ఉంది? గదిలో టీవీ ఎంత పెద్దది, పొద్దున టిఫిన్‌లో ఏం పెడతారు, ఇవన్నీ తర్వాత. మా రోడ్డంటే విజయవాడ హైవే తల్లీ. నడిమధ్య మెట్రో స్తంభాలు, వాటి కింద డివైడరు, రెండు పక్కలా బస్సులు, లారీలు, ఆటోలు, వాటి సందుల్లోంచి బైకులు. దాటేవాళ్ళ కోసం ఎవరూ బ్రేకు వేయరు. మీరు తినే చోటు, మందుల షాపు, మీకోసం బండి వచ్చి ఆగే చోటు, ఇవన్నీ హోటల్ ఉన్న పక్కనే ఉండాలి. మీ అత్తయ్యగారిని, ఆ మోకాలితో మామయ్యగారిని, చెయ్యి వదిలించుకుని పరిగెత్తే నీ చిన్నవాణ్ణి పట్టుకుని ఆ రోడ్డు దాటతావా? ఆ ఊహకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మా అత్త బతికున్న రోజుల్లో సంగతి చెబుతాను. కొత్తపేటకు 1986లో పండ్ల మార్కెట్టు వచ్చింది. ఎండాకాలం వచ్చిందంటే మామిడిపండ్ల లారీలు తెల్లవార్లూ బారులు తీరేవి. రోడ్డంతా గడ్డి, పండ్ల వాసన, కుళ్ళిన కాయల మీద జారే చెప్పులు. ఒక గురువారం సాయిబాబా గుడికని అత్తను తీసుకుని బయలుదేరాను. సగం రోడ్డు దాటి డివైడరు దగ్గర చిక్కుకుపోయాం. ముందుకు పోలేం, వెనక్కి రాలేం. అత్త నా భుజం మీద వేసిన చెయ్యి వణుకుతోంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి మార్కెట్టు హమాలీ ఒకాయన నెత్తిన కట్టుకున్న తువ్వాలు విప్పి, దాన్ని ఊపుకుంటూ లారీల ముందుకు పోయి నిలబడ్డాడు. మమ్మల్ని దాటించి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు గుడిలో అత్త తనకోసం కోరుకున్నది ఏమీ లేదు, ఆ బిడ్డ చల్లగా ఉండాలని మాత్రం దండం పెట్టింది. ఆ మార్కెట్టు ఇప్పుడు బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలం టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. లారీలు తగ్గాయి, కార్లు పదింతలయ్యాయి. తువ్వాలు ఊపితే ఆగే రోజులు పోయాయి.

దీనికి ఒక ఉపాయం ఉంది, బాగా గుర్తుపెట్టుకో. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచీ నేను ఇదే చేస్తున్నాను. టికెట్టు కొనక్కర్లేదు. ఈ పక్క లిఫ్టులో మెట్రో స్టేషన్ పైకెక్కి, టికెట్ కౌంటర్ల ముందు నుంచి నడిచి, ఆ పక్క దిగిపోవచ్చు. అందుకే హోటల్ ఏదైనా స్టేషన్ మెట్ల దగ్గర ఉండేలా చూడు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్, ఈ నాలుగింటిలో ఏదైనా ఫరవాలేదు. రెండు స్టేషన్లకు మధ్యలో ఉందా, నాకు వద్దే వద్దు.

హోటల్ వాళ్ళను ఇంకో మూడు సంగతులు అడుగు. రైలు దిగి పొద్దున ఆరింటికే వస్తే గది ఇస్తారా, మధ్యాహ్నం పన్నెండు దాకా కింద కుర్చీల్లో కూర్చోబెడతారా? మా వైపు కొన్ని చోట్ల వచ్చిన గంట నుంచి 24 గంటల లెక్క నడుస్తుంది, మీకు అదే మేలు. కరెంటు పోతే జనరేటరు మీద లిఫ్టు నడుస్తుందా? కింద ఫంక్షన్ హాలు ఉందా? కార్తీకంలో పెళ్ళిళ్ళు ఎక్కువ. హాలు ఉంటే బ్యాండూ డీజే నడిరాత్రి దాకా మోగుతాయి. ఇక గది రోడ్డు వైపు వద్దని, వెనక వైపు కావాలని చెప్పు. విజయవాడ బస్సుల హారన్లు రాత్రంతా ఆగవు.

చూడాల్సిన వాటి గురించి రాసిన చీటీ మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. రెండు రోజుల్లో అన్ని చోట్లా? గోల్కొండ కొట్టెయ్యి, ఆ మెట్లు మీ మామయ్యగారికి కాదు. రామోజీ ఫిల్మ్ సిటీకి పిల్లలు ఏడుస్తారని తెలుసు, కానీ అది పూర్తిగా ఒక రోజు పని. ఎండలో పొద్దంతా తిరిగి, మర్నాడు నాలుగింటికి లేచి లాంచీ ఎక్కమంటే ఎవరి ఒళ్ళయినా కూలబడుతుంది. ఇంకోసారి దానికోసమే రండి. దానికి బదులు వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలికి తీసుకుపో. ఒకప్పుడు నిజాం వేటకు పోయిన అడవి అది. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్ళు నిండిన సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి జింకలకు విడిచిపెట్టారు. కృష్ణజింకలు గుంపులుగా ఎదురొస్తాయి. ఊరు ఇంత పెరిగినా ఆ అడవి మిగిలి ఉన్నందుకు నాకు ఎప్పుడూ ఆనందమే.

మొదటి రోజు పొద్దున గదిలో పడుకోండి. సాయంత్రం చల్లబడ్డాక కొత్తపేటలో అష్టలక్ష్మి గుడికి పోదాం, నేనూ వస్తాను. మీ అత్తయ్యగారికి బాగా నచ్చుతుంది. రెండో రోజు మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం మాత్రం పెట్టుకోకు, ఆ రోజు మూసేస్తారు. గంట కొట్టే గడియారం ముందు పన్నెండింటికి పిల్లల్ని కూర్చోబెట్టు. బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం మీ అమ్మ చిన్నప్పుడు చూసి, మళ్ళీ రావాలంటే గంట ఆగాలన్నారని అక్కడే ఏడ్చి కూలబడింది. ముసుగు రెబెక్కా బొమ్మ ముందు నువ్వూ అల్లుడూ కాసేపు నిలబడండి. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ నుంచి కొన్నాడు దాన్ని. పాలరాతిలో పలచటి బట్ట వెనక ముఖం కనిపించేలా చెక్కిన చెయ్యి అది. ఆ తర్వాత చార్మినార్ చూసి, గాజులు కొనుక్కుని, చీకటి పడకముందే గదికి రండి. ఆ రాత్రి మిర్చిబజ్జీలు, పానీపూరీలు వద్దు. నీకు ఇష్టమని తెలుసు, శ్రీశైలం నుంచి తిరిగొచ్చాక నేనే వేసి పెడతాను.

నువ్వు ఈ లాంచీ ఎక్కుతున్నావంటే నాకు ఎందుకంత సంబరమో నీకు తెలుసు కదా. తాతయ్య సాగర్ పనిలో ఉన్న రోజులు, హిల్ కాలనీ క్వార్టరు, అవన్నీ మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం పిల్లలకు చెప్పు. ఆ డ్యాము రాళ్ళతో కట్టింది. పరంజాల మీద బారులు తీరి వేలమంది ఆడా మగా నెత్తిన రాళ్ళు మోసుకుంటూ పైకి ఎక్కుతుంటే బడి నుంచి వస్తూ నిలబడి చూసేవాళ్ళం. సాయంత్రం పని దిగిన ఆడవాళ్ళు మా పంపు దగ్గర కాళ్ళు కడుక్కునేవాళ్ళు. ఆ కాళ్ళ పగుళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్ళు వదిలిన రోజు మీ అమ్మ నాన్న భుజాల మీద ఉంది, నేను ఆయన వేలు పట్టుకుని ఉన్నాను. ఈరోజు జనం ఫోటోలు తీసుకునే 26 గేట్లు ఆ తర్వాత పెట్టినవి. లాంచీ కదిలాక నాగార్జునకొండ కనిపిస్తుంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ ఆ నీళ్ళ అడుగునే ఉంది. మునిగిపోయేలోగా తవ్వి, దొరికినవాటిని ఆ కొండ మీద మ్యూజియంలో పెట్టారు. అది చూడాలంటే వేరే రోజు, వేరే లాంచీ. ఒకే రోజు రెండూ పెట్టుకోకు.

ఐదారు గంటల ప్రయాణం. దిగేది లింగాలగట్టు దగ్గర, అక్కడి నుంచి గుడికి ఘాట్ మీద బండిలో పోవాలి. ఆ బండి ముందే మాట్లాడుకో. లాంచీ నీళ్ళు నిండుగా ఉంటేనే నడుపుతారు, కాబట్టి బయలుదేరే ముందు టూరిజం ఆఫీసుకు ఫోన్ చేసి మరొకసారి రూఢి చేసుకో. ఎక్కగానే లైఫ్ జాకెట్లు అందరూ వేసుకోవాలి, బకిళ్ళు పెట్టుకోవాలి, దిగేదాకా విప్పకూడదు. చిన్నవాడికి సరిపోయేది అడిగి తీసుకో, పెద్దది వేస్తే జారిపోతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగినప్పుడు మన హైదరాబాద్ వాళ్ళు ఎంతమంది పోయారో నీకు తెలుసు. వరదలో పడవ వేయడమే తప్పు. ఉక్కగా ఉందని, ఫోటోలో బాగుండదని జాకెట్టు విప్పనివ్వకు. మీ అత్తయ్యగారు చీర మీద ఇదేమిటంటే నా మాటగా చెప్పు, ఆవిడ నా మాట తీసెయ్యరు.

తిరిగి రోడ్డున వస్తే పగలే బయలుదేరండి. దోమలపెంట, మన్ననూరు మధ్య అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు.

ఇక మళ్ళీ రోడ్డు సంగతి. లాంచీ రోజు తెల్లవారుజామున బండి ఎదురుగా ఆగిందని డ్రైవరు ఫోన్ చేస్తే, ఆ చీకట్లో సామాన్లతో దాటకండి. రోడ్డు ఖాళీగా ఉందనిపిస్తుంది, అప్పుడే బస్సులు ఎక్కువ వేగంతో వస్తాయి. చుట్టు తిరిగి హోటల్ గుమ్మం ముందుకే రమ్మను. విసుక్కుంటే విసుక్కోనీ. పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు, నేను చెప్పిన టైములో ఆ పది నిమిషాలూ కలిపే చెప్పాను.

నీకు ఇవన్నీ తెలియవని కాదు తల్లీ. ఆఫీసు, ఇల్లు, పిల్లలు, అత్తమామలు, అన్నీ ఒక్కదానివే మోస్తున్నావు. ఈ నాలుగు రోజులైనా నువ్వు కాస్త కూర్చుని నీళ్ళు చూడాలని నా కోరిక. అల్లుణ్ణి చిన్నవాడి పక్కన కూర్చోమను, నువ్వు కిటికీ పక్కన కూర్చో.

గది ఇంకా ఖాయం చేయకు. మనసులో ఉన్న రెండు మూడు హోటళ్ళ పేర్లు, ఏ మెట్రో స్టేషన్ దగ్గరో రాసి పంపు. మీ పెదనాన్నా నేనూ సాయంత్రం నడకకు పోయినప్పుడు ఒక్కొక్కదాని ముందూ నిలబడి, రోడ్డుకు ఏ పక్కన ఉందో, లిఫ్టు నడుస్తుందో లేదో, గది వెనక వైపు ఇస్తారో లేదో చూసి చెబుతాం. ఆదివారంలోగా పంపు.

మీ పెద్దమ్మ