చెస్ట్ నంబరు వేసుకునే ముందు

చిరంజీవి అమ్మలుకి,

నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) రాత పరీక్ష గట్టెక్కావు, చాలా సంతోషం. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600, అంటే 900 మార్కుల పని అయిపోయింది. మిగిలిన 900 ఎస్‌ఎస్‌బీవి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డువి. "వాళ్ళేం అడుగుతారో చెప్పన్నయ్యా, రోజూ కూర్చోబెట్టి బట్టీ పట్టించేస్తాను" అంది మీ అమ్మ ఫోన్‌లో. ఆ మాట విన్నాకే నీకు తీరిగ్గా రాయాలనిపించింది. అక్కడ బట్టీ చదువుకి చోటు లేదు. దానికి వేరే తయారీ ఉంది, అందుకు నీ చేతిలో ఇంకా సమయమూ ఉంది.

ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం బెదురు పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి ఆఫీసర్లు పెద్ద సంఖ్యలో కావాల్సి వచ్చారు. అప్పటిదాకా ఇంటి పేరూ చదివిన బడీ చూసి, కాసేపు మాట్లాడి తీసుకునేవాళ్ళు. అలా తీసుకున్నవాళ్ళు శిక్షణలో నిలవలేక వెనక్కి వచ్చేస్తుంటే 1942లో సెలక్షన్ బోర్డులు పెట్టారు. అక్కడ పనిచేసిన విల్‌ఫ్రెడ్ బియాన్ అనే మానసిక వైద్యుడు ఒక పద్ధతి తెచ్చాడు. కొంతమందికి ఒక పని అప్పగిస్తారు, నాయకుడెవరో మాత్రం చెప్పరు. ప్రతివాడికీ తాను ఎంపిక కావాలన్న ఆరాటం. పని మాత్రం అందరూ కలిస్తేనే అవుతుంది. ఈ రెండింటి మధ్య నలిగే వేళ మనిషి పక్కవాణ్ణి ఏ మాత్రం పట్టించుకుంటాడన్నదే ఆయన చూడాలనుకున్నది. మన దేశంలోనూ బోర్డులు ఆ యుద్ధకాలంలోనే మొదలయ్యాయి. బెంగళూరు బోర్డులో నీకు ఎదురయ్యేది కూడా ఈ పద్ధతే.

కాబట్టి ఒక సంగతి గట్టిగా పట్టుకో. బోర్డుకి సీట్ల లెక్క లేదు. ఫలానా గ్రూపులో ఇద్దరినే తీసుకోవాలన్న రూలు లేదు. అందరూ తగినవాళ్ళయితే అందరినీ రికమెండ్ చేస్తారు, ఎవరూ కాకపోతే అందరినీ ఇంటికి పంపుతారు. ఖాళీల సంగతి తరువాత యూపీఎస్సీ మెరిట్ లిస్టులో తేలుతుంది. అంటే నీ పక్కన చెస్ట్ నంబరు వేసుకుని నిలబడ్డ పిల్లతో ఆ ఐదు రోజులూ నీకు పోటీయే లేదు. ఇది తెలియక ఆమె మాటకి అడ్డుపడి, ఆమె చేతిలోని తాడు లాక్కుని, చేజేతులా పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

నిన్ను ముగ్గురు చూస్తారు. నీ రాతలు చదివే సైకాలజిస్టు, నీతో మాట్లాడే ఇంటర్వ్యూ ఆఫీసరు, మైదానంలో నీ చేతలు చూసే గ్రూప్ టెస్టింగ్ ఆఫీసరు (జీటీఓ). మనసా, వాచా, కర్మణా అని సెలక్షన్ సెంటర్లలో చెప్పుకునేది ఈ ముగ్గురి గురించే. చివరి రోజు కాన్ఫరెన్స్ దాకా ఒకరి అంచనా ఒకరికి తెలియనివ్వరు. సైకాలజిస్టుకి ఒక అమ్మాయీ, జీటీఓకి వేరే అమ్మాయీ కనిపిస్తే ఆ రోజున బయటపడిపోతుంది. లేని మనిషిని ఐదు రోజులు నటించడం ఎవరివల్లా కాదు. ఉన్న మనిషినే ఈ రెండు మూడు నెలల్లో కొంచెం గట్టిపరచుకోవడం మాత్రం సాధ్యమే.

మొదటి రోజు స్క్రీనింగ్. బుద్ధి పరీక్ష పేపర్లు రెండు ఉంటాయి, పాత ప్రశ్నలు టైము పెట్టుకుని చేస్తే అలవాటవుతుంది, దాని గురించి ఎక్కువ చెప్పను. అసలు వడపోత బొమ్మ మీద. మసక బొమ్మ ఒకటి అర నిమిషం చూపిస్తారు. కనిపించిన మనుషులెవరో, వయసెంతో, మనసెలా ఉందో నిమిషంలో గుర్తు పెట్టి, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. ఆ తర్వాత గుంపులో ఒక్కొక్కరూ ఒక్క నిమిషంలో తమ కథ చెప్పి, అందరూ కలిసి ఒకే కథకి రావాలి.

ఉదాహరణకి ఒక ఆడమనిషి నిలబడి ఉంది, ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు, వెనక చెట్టో గుడిసో తెలియడం లేదు అనుకో. పది మందిలో ఎనిమిది మంది ఒకటే రాస్తారు. పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చింది, ఊరికి శుభ్రత నేర్పింది, ఊరు ఆదర్శ గ్రామమైంది. ఆ డాక్టరమ్మను నువ్వెప్పుడూ చూడలేదు, ఏం చేసిందని అడిగితే చెప్పలేవు. నీకు తెలిసింది రాయి. ఊరి నీళ్ళ ట్యాంకు మోటారు కాలిపోయింది. ఇంటర్ చదివే అమ్మాయి పంచాయతీ కార్యదర్శిని కలిసి మోటారును వైండింగ్ షాపుకి పంపించింది. బాగయ్యే రెండు రోజులకీ ట్రాక్టరు ట్యాంకరు మాట్లాడింది. నీళ్ళ దగ్గర తగాదా రాకుండా ఇంటికిన్ని బిందెలని వీధులవారీగా వంతు పెట్టింది. ఇందులో సమస్య ఉంది, ఉపాయం ఉంది, నలుగురిని కూడగట్టడం ఉంది. ఎవరు ఏం అడిగినా నీ దగ్గర జవాబుంది. ఇలాంటి కథ రాయాలంటే ఊళ్ళో పనులు ఎలా నడుస్తాయో గమనించి ఉండాలి. రేపట్నుంచి ఇంట్లో గ్యాసు దగ్గర నుంచి బ్యాంకు పని దాకా ఒక్కొక్కటీ నువ్వే వెళ్ళి చేసుకురా. అది కూడా ప్రిపరేషనే.

కథల చర్చలో అరుపులు లేస్తాయి. పిల్లలు దాన్ని ఫిష్ మార్కెట్ అంటారు. నువ్వు గొంతు పెంచకు. అలాగని ముడుచుకుని కూర్చోకు, అది ఇంకా ప్రమాదం. ఎవరి కథ బాగుంటే దాని వైపు వెళ్ళు. "ఏడో నంబరు చెప్పింది బొమ్మకి దగ్గరగా ఉంది, దానికి నేనిది కలుపుతాను" అనగలిగితే చాలు. నీ కథే గెలవాలన్న పట్టింపు వదిలేసిన రోజున నీ మాట తేలిగ్గా వస్తుంది.

సాయంత్రం లోపు ఫలితం చెప్తారు. స్క్రీన్డ్ అవుట్ అయినవాళ్ళు ఆ రోజే వెనక్కి. లోపలికి వెళ్ళినవాళ్ళకి మర్నాడు సైకాలజీ. బొమ్మలు పన్నెండు, చివరిది ఖాళీ కాగితం, దాని మీద నీకు తోచిన కథ రాయాలి. ఆ తర్వాత అరవై పదాలు, ఒక్కోదానికి పదిహేను సెకన్లు. అటుపైన అరవై సందర్భాలు, అన్నింటికీ కలిపి అరగంట. మార్కెట్లో దొరికే పుస్తకాల్లో ఆ అరవై పదాలకీ అందమైన వాక్యాలుంటాయి. వాటి జోలికి పోకు. ఆ వాక్యాలు సైకాలజిస్టు ఎన్ని కాగితాల్లో చూసి ఉంటారో ఆలోచించు. 'ఓటమి' అని తెర మీద పడితే, జోన్ మ్యాచ్‌లో ఓడిపోయాక మీ కబడ్డీ జట్టు మర్నాటి నుంచి ఏం మార్చుకుందో ఒక్క ముక్కలో రాయి. చిన్న వాక్యం, నీదైన వాక్యం. చేతికి వేగం రావాలంటే రోజూ గడియారం ముందు పెట్టుకుని రాయడమే దారి.

అదే రోజు నీ గురించి మీ అమ్మానాన్న, టీచర్లు, స్నేహితులు ఏమనుకుంటారో, నీ గురించి నువ్వేమనుకుంటున్నావో పావుగంటలో రాయమంటారు. దీన్ని ఊహించి రాయకు. ఈ ఆదివారం మీ అమ్మని కూర్చోబెట్టి అడుగు. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడవని ఆవిడ చెప్తుంది, నొచ్చుకోకుండా విను. తెలిసిన లోపాన్ని దిద్దుకుంటున్నానని రాయడానికి ముందు నిజంగా దిద్దుకోవడం మొదలుపెట్టాలి.

పీఐక్యూ అనే ఫారం ఒకటి నింపిస్తారు. ఊరు, చదువు, మార్కులు, తల్లిదండ్రుల పని, ఆదాయం, ఆటలు, అభిరుచులు, నువ్వు మోసిన బాధ్యతలు. ముగ్గురి చేతుల్లోనూ అదే ఉంటుంది, ఇంటర్వ్యూ చాలావరకు అందులోంచే నడుస్తుంది. అభిరుచి దగ్గర 'పుస్తకాలు చదవడం' అని రాస్తే మొన్న చదివిందేమిటి, రాసిందెవరు, నీకు నచ్చనిదేమిటి అని దిగుతారు. నువ్వు మిద్దె మీద బీర, ఆనప పాదులు పెంచుతున్నావు కదా, అది రాయి. తెగులొస్తే ఏం చేస్తావో చెప్పగలవు. బాధ్యతలంటే క్లాస్ లీడర్ పదవే కానక్కర్లేదు. పోయిన ఏడు మీ నాన్న ఊళ్ళో లేనప్పుడు నానమ్మకి ఆయాసమొస్తే రాత్రికి రాత్రి విజయనగరం నుంచి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళావు. ఆ రాత్రి ఎవరికి ముందు ఫోన్ చేశావు, డబ్బెలా సర్దావు, తమ్ముణ్ణి ఎవరింట్లో ఉంచావు? ఆఫీసరు వినాలనుకునేవి ఇలాంటివే.

ఇంటర్వ్యూలో ఒక్కసారిగా పది ప్రశ్నలు గుక్క తిప్పుకోకుండా అడుగుతారు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు, నచ్చిన టీచరు, నచ్చని టీచరు, కారణాలు, స్నేహితులు, ఖాళీ సమయం, ఇలా. వరుసలో చెప్పుకుపో. మధ్యలో ఒకటి మరిచిపోతే అడిగి చెప్పు, తప్పులేదు. తెలియనిదాన్ని తెలియదని సూటిగా చెప్పు. అబద్ధం ఒక్కటి దొర్లితే దాని వెనక నాలుగు ప్రశ్నలు వస్తాయి.

ఇంగ్లీషు సంగతి. మన జిల్లా పిల్లలు దీనికే జంకి వెనక్కి తగ్గడం నాకు బాధగా ఉంటుంది. నీ యాసకి ఎవరూ మార్కులు వెయ్యరు. చిన్న చిన్న వాక్యాలు, తడబడకుండా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పడం చాలు. లెక్చరెట్ అని ఒకటుంది: చీటీలో నాలుగు అంశాలిస్తారు, ఒకటి ఎంచుకుని మూడు నిమిషాలు ఆలోచించి మూడు నిమిషాలు మాట్లాడాలి. రాత్రి భోజనాలయ్యాక పేపర్లో చదివిన ఒక వార్త మీద ముందు నానమ్మకి తెలుగులో చెప్పు. ఆవిడకి అర్థమైతే నీకు విషయం తెలిసినట్టే. తర్వాత అదే ఇంగ్లీషులో తమ్ముడికి చెప్పు. వీలున్నంతలో హిందీ కూడా నేర్చుకో. మైదానంలో పక్కవాళ్ళు హడావిడిలో హిందీలోకి దిగిపోతారు, రేపు నీ సిపాయిలతో మాట్లాడాల్సింది ఎక్కువగా అందులోనే.

ఇక మైదానం. మొదటి గ్రూప్ టాస్క్‌లో ఒక చెక్కపలక, ఒక దుంగ, ఒక తాడు, మోయడానికి ఒక బరువు ఇస్తారు. నేల తాకకుండా, ఎర్ర రంగు వేసిన చోట్లు ముట్టకుండా ఆటంకాలు దాటాలి. నాలుగడుగులకు మించిన ఖాళీని దూకకూడదు, వంతెన వేసుకోవాలి. చాలాసార్లు పలక అవతలి ఒడ్డుకి చాలదు, సగం గాల్లో ఉండిపోతుంది. ఇటు చివర ఒకరు బరువుగా కూర్చుంటేనే అటు చివరకి ఇంకొకరు నడవగలరు. నీకు ఫిజిక్స్‌లో మొమెంట్స్ తెలుసు. మీ తాత కాలంలో ఏతాం తొక్కినట్టే, బరువు ఎక్కడ పడాలో తెలిసినవాడిదే ఉపాయం. అందరూ ముందుకెళ్ళి దారి కనిపెట్టినవాళ్ళుగా కనపడాలని తోసుకుంటారు. వెనక పలక మీద కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు. అవసరమైనప్పుడు నువ్వు కూర్చో. కూర్చుని అటువైపు వాళ్ళకి ఉపాయం చెప్పు, తాడు అందించు, చివరివాళ్ళు దాటాక నువ్వెలా దాటాలో చూసుకో. జీటీఓ కళ్ళు ముందున్నవాళ్ళ మీదే ఉంటాయని అనుకోకు. ఇంకో సందర్భంలో ఎవరికీ దారి తోచక నిలబడిపోతే, తప్పయినా సరే, మొదటి అడుగు నువ్వు వెయ్యి. రెండూ ఒక్కరే చేయగలగాలి. ఆఫీసరు పని అదే కదా. మన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసరు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన జవాన్లతో పాటు తానే వెళ్ళి, అక్కడే ప్రాణమిచ్చాడు. దేశం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చింది.

ఒంటరిగా చేసే ఆటంకాలు పది, మూడు నిమిషాల సమయం. కమాండో వాక్, టైగర్ లీప్, బర్మా బ్రిడ్జ్ పేర్లు విని కంగారుపడకు. తాడు పట్టు, ఎత్తుకి బెదరకపోవడం, దమ్ము, ఈ మూడూ ఉంటే చాలు. రోజూ తెల్లవారుజామున పరుగు, పుష్‌అప్స్, ఏదైనా కమ్మీ పట్టుకుని వేలాడటం. కబడ్డీ ఆడే ఒళ్ళు నీది, త్వరగా లొంగుతుంది.

"ఆడపిల్లకి ఇదంతా ఎందుకు" అని మీ పెద్దత్త అన్నదట. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి. 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లో పదిహేడు మంది 2025 మే నెలలో ఖడక్‌వాస్లాలో పాసౌట్ అయ్యారు. ఆవిడకి ఆ పెరేడ్ వీడియో చూపించు, వాదన అక్కర్లేదు.

ఐదో రోజు కాన్ఫరెన్స్‌లో అందరు ఆఫీసర్ల ముందూ రెండు మూడు మామూలు మాటలు అడుగుతారు. ఆ రోజే ఫలితం. రికమెండ్ అయితే మిలిటరీ ఆసుపత్రిలో వైద్య పరీక్షలు. ఇప్పుడే పళ్ళూ, కళ్ళూ, చెవులూ చూపించుకో. చెవిలో గుబిలి, పుచ్చిన పన్ను లాంటివి ముందే బాగుచేయించుకోవచ్చు.

రికమెండ్ కాకపోతే? కోర్సు మొదలయ్యేనాటికి వయసు పందొమ్మిదిన్నర దాటకుండా ఉంటే మళ్ళీ ఎన్‌డీఏ రాయొచ్చు. డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష ఉంది, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలిచే దారీ ఉంది. అందుకే డిగ్రీలో చేరగానే ఎన్‌సీసీలో పేరివ్వు. ఎన్‌డీఏ వచ్చేస్తే ఆ అవసరమే ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, జిరాక్సులు, కాల్ లెటర్ ప్రింటు, ఫోటోలు ఒకే ఫైల్లో పెట్టుకో. తెల్ల టీషర్టులు, తెల్ల బూట్లు ముందే కొని నాలుగు రోజులు తొడిగి పరుగెత్తు, లేకపోతే అక్కడ కాళ్ళు కొరుకుతాయి. రిపోర్టింగ్‌కి ముందు రోజే బెంగళూరు చేరేలా రైలు చూసుకో. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఛార్జీ తిరిగి ఇస్తారు కాబట్టి టికెట్టు పారేయకు. మీ నాన్నని సెంటరు గేటు దాకా రావద్దను, స్టేషన్ దగ్గర నుంచి నువ్వే వెళ్ళు. పీఐక్యూ ఒకసారి ఇంట్లోనే తెల్లకాగితం మీద నింపి నాకు పోస్టు చెయ్యి. చదివి, అందులోంచి నాకు తోచిన ప్రశ్నలన్నీ రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య