స్టేట్‌మెంట్‌లో తెలియని బేకరీ పేరా? ఇలా తేల్చుకోండి

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లొచ్చారు. దారిలో టీ, బిస్కెట్లు, వాటర్ బాటిల్... అన్నిటికీ స్కాన్ చేసి కట్టేశారు. తీరా చూస్తే స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ వినని బేకరీ పేరుతో 180 రూపాయలు కట్! మోసమా, మనం కట్టిందేనా?

1. పేరు చూసి కంగారుపడొద్దు. అక్కడ కనిపించేది షాపు బోర్డు మీది పేరు కాకపోవచ్చు, క్యూఆర్ కోడ్ ఏ పేరుతో రిజిస్టర్ అయిందో అది. బేకరీ ఓనరే టీ కొట్టు కూడా నడుపుతూ అదే క్యూఆర్ అతికించి ఉండొచ్చు.

2. యూపీఐ అయితే, ఆ లైన్‌లోని 12 అంకెల రిఫరెన్స్ నంబర్‌ను మీ యాప్ హిస్టరీలో వెతకండి. రెండు యాప్‌లు వాడితే రెండింట్లోనూ చూడండి. అడవి దారిలో సిగ్నల్ లేక ఎస్సెమ్మెస్ లేటుగా రావచ్చు. అందుకే యాప్‌లో ఉన్న టైమే చూడండి.

3. కార్డ్ అయితే, తేదీ ఒకట్రెండు రోజులు అటూఇటూ పడొచ్చు. 5,000 రూపాయల వరకు ట్యాప్ చేస్తే పిన్ అడగదు. ఇంట్లో ఎవరైనా వాడారేమో కనుక్కోండి.

4. అయినా లెక్క తేలకపోతే, చిన్న మొత్తమే కదా అని వదిలేయొద్దు. వెంటనే కార్డ్ బ్లాక్ చేసి బ్యాంకుకు, 1930కి చెప్పండి. 2017 జులై నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, మెసేజ్ అందాక 3 పని దినాల్లో ఫిర్యాదు చేసినవాళ్లకు నష్టం ఉండదు. పిన్ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు మీదే భారం.

కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో వెతక్కండి, అక్కడ నకిలీలు ఉంటాయి. కార్డ్ వెనక ఉన్న నంబర్‌కే చేయండి.